వినుటయు, చదువుటయు : హాంకాంగు విద్యార్థుల ఆంగ్ల పరీక్షలు - మన పిల్లలు

గడచిన అర్ధసంవత్సర పరీక్షల ఫలితములు వెలువడిన మరునాడు, తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తండ్రిగారు మా గదికి వచ్చి కూర్చుండిరి. వారి చేతిలో రెండు జవాబు పత్రములు ఉండెను. ఒకటి ఆంగ్ల పఠన పరీక్షది. రెండవది ఈ యేడు మేము క్రొత్తగా పెట్టిన శ్రవణ పరీక్షది. అనగా, ఉపాధ్యాయుడు ఒక ఆంగ్ల పాఠమును చదువగా పిల్లలు విని, దానిపై అచ్చువేసిన ప్రశ్నలకు జవాబులు వ్రాయుట. మొదటి పత్రములో బాలికకు మంచి మార్కులే వచ్చినవి. రెండవ దానిలో ఇంచుమించు ఏమియు రాలేదు.

"ఏమండీ మాస్టరుగారూ, చదివితే తెలిసేది వింటే ఎందుకు తెలియదు? మీరు పాఠాలన్నీ తెలుగులో చెప్పబట్టే గదా ఇదంతా? వచ్చే ఏడు అమ్మాయిని ఇంగ్లీషు బళ్ళో వేద్దామనుకుంటున్నాను" అని వారు మొగమాటము లేక చెప్పిరి.

ఆనాడు వారికి మేము సరియైన సమాధానము చెప్పలేకపోయితిమి. ఏమో కొన్ని మాటలు చెప్పి పంపితిమి గాని, అవి మాకే తృప్తి కలిగింపలేదు. తరువాత మా ఉపాధ్యాయులమందరము కూడి, ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినదా, మరెచ్చటనైనను ఉన్నదా అని విచారింపగా, హాంకాంగు నగరమున సరిగా ఇదే ప్రశ్నను గూర్చి తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, ప్రభుత్వమును దశాబ్దములుగా వాదించుకొనుచున్నట్లు తెలిసినది. ఆ సంగతులను ఈ సంచికలో తల్లిదండ్రుల ముందుంచుచున్నాము.

హాంకాంగు 1997 వరకు బ్రిటిషు వారి యేలుబడిలో నుండెను. 1974 వరకు అచ్చట ఆంగ్లమొక్కటియే అధికార భాష. ఆ యేట చీనా భాషకును అధికార భాషా స్థానము లభించినది. ఐనను ఇండ్లలో మాటలాడు భాష మాత్రము ఎన్నడును ఆంగ్లము కాదు. 2021 జనాభా లెక్కలలో నూటికి 88 మందికి పైగా తాము నిత్యము పలుకు భాష కాంటనీసు అని చెప్పిరి. కాంటనీసు చీనా భాషా కుటుంబములో దక్షిణపు పలుకు. పాఠశాల పిల్లవాడు ఇంట కాంటనీసు మాటలాడును, చీనా లిపి వ్రాయును, ఉత్తరాదివారి మాండరినును నేర్చుకొనును, వీటిపై ఆంగ్లమును చదువవలెను. "రెండు వ్రాతలు, మూడు పలుకులు" అని అచ్చటి ప్రభుత్వము తన భాషావిధానమునకు పేరు పెట్టుకొన్నది. ఇంట తెలుగు, సంతలో తమిళ కన్నడములు, బడిలో ఆంగ్లము మోయు మన హోసూరు పిల్లలకు ఆ భారమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆరేండ్ల మాధ్యమిక విద్య ముగియగానే ఆ పిల్లలు డిప్లొమా పరీక్ష యను పెద్ద పరీక్షకు కూర్చుందురు. ఇది 2012లో మొదలైనది. అందులో ఆంగ్లము తప్పనిసరి. మార్కులు అంకెలుగా గాక 1 మొదలు 5 వరకు స్థాయిలుగా ఇత్తురు. 5వ స్థాయిలో శ్రేష్ఠులకు ఒక చుక్క, మరింత శ్రేష్ఠులకు రెండు చుక్కలు. ప్రభుత్వ సహాయముతో నడచు విశ్వవిద్యాలయములలో పట్టపు చదువునకు చేరవలెనన్న ఆంగ్లమున కనీసము 3వ స్థాయి రావలెను. కనుక ఒక పిల్లవాడు గణితములో ఎంత ప్రజ్ఞావంతుడైనను ఆంగ్లము తప్పినచో తలుపు మూతపడును.

ఆంగ్ల పరీక్షలో పఠనమునకు నూటికి 20 పాళ్ళు, లేఖనమునకు 25, శ్రవణమును దానితో కలసిన మిశ్రమ పనులకు 30, సంభాషణకు 10, బడిలోనే జరుగు మదింపునకు 15. ఈ లెక్కను తల్లిదండ్రులు ఒకమారు నిదానించి చూడగోరెదము. చదువుటకంటె వినుటతో కూడిన పనులకే అచ్చట ఎక్కువ పాలు. మన పరీక్షలలోనో, వినుటకు చోటే లేదు. మా బడిలో ఈ యేటివరకు లేదని ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

పఠన పత్రమునకు గంటన్నర. మొదటి భాగము అందరును వ్రాయవలెను. రెండవ భాగమున సులభమైనది, కఠినమైనది అని రెండు కలవు. విద్యార్థి తనకు తగినది ఎన్నుకొనవచ్చును. సులభమైనది ఎన్నుకొన్నవానికి ఆ పత్రములో 4వ స్థాయికి మించి రాదు. ఈ ఏర్పాటు మాకు నచ్చినది. తక్కువ వచ్చిన పిల్లవాడు తనకు బొత్తిగా అర్థముగాని పత్రము ముందు గంటన్నర కూర్చుని ఏడువనక్కరలేదు.

శ్రవణ పరీక్ష సంగతి చిత్రమైనది. నగరమంతట ఒకే సమయమున రేడియోలో ఆ సంభాషణలను ప్రసారము చేయుదురు. విద్యార్థులు తమ తమ చిన్న రేడియోలను, చెవులకు తగిలించుకొను గొట్టములను వెంట తెచ్చుకొని హాలులో కూర్చుందురు. ఇటీవల పెక్కు బడులలో వేరు యంత్రముల ద్వారా వినిపించుటయు కలదు. రేడియో సరిగా పలుకనివారికి ప్రత్యేకముగా ఒక గది ఏర్పాటు చేయుదురు. మధ్య మధ్య విరామములలో "గ్రీన్‌స్లీవ్స్" అను పాత ఆంగ్ల జానపద బాణీ వినిపించును. ఎందరో హాంకాంగువారికి పెద్దవారైన పిదపకూడ ఆ బాణీ చెవిని బడినంతనే అరచేతులు చెమర్చునట. మొదటి భాగములో విన్నదానిని విన్నట్లు గుర్తించి వ్రాయవలెను. రెండవ భాగములో విన్న సంగతులను, చేతికిచ్చిన ఉత్తరములు ప్రకటనలు మున్నగు కాగితముల కట్టతో జోడించి ఒక లేఖయో నివేదికయో వ్రాయవలెను. ప్రసారము ఒక్కమారే. తప్పినది తప్పినదే.

ఒక్కమారు వినిపించుట న్యాయమా, రెండుమారులు వినిపించుట న్యాయమా అని మాలో మాకే పెద్ద చర్చ జరిగినది. చీనాలో విశ్వవిద్యాలయ ప్రవేశమునకు జరుగు మహాపరీక్షలోని జాతీయ ప్రశ్నపత్రమున ఆంగ్లమునకు 150 మార్కులు. అందు శ్రవణమునకు 30. అచ్చట మొదటి అయిదు పొట్టి సంభాషణలను ఒకమారు, తరువాతి పొడుగు వాటిని రెండుమారులు వినిపింతురు. లోకములో ఎవడును చెప్పినది మరల చెప్పడు గనుక ఒక్కమారే సరియని మాలో చిన్నవారి వాదము. మన రైలు స్టేషనులో మూడు భాషలలో చెప్పినను ప్రయాణికుడు ప్రక్కవానిని అడుగుచునే యుండును గదా యని పెద్దవారి వాదము. నేర్చుకొను దశలో రెండుమారులు, పరీక్షలో పొట్టివి ఒకమారు అని తుదకు నిశ్చయించుకొంటిమి.

ఇక అసలు ప్రశ్న. చదివిన తెలియునది వినిన ఏల తెలియదు? హాంకాంగు పిల్లవాని చెవినుండి మొదలిడుదము.

కాంటనీసులో పలుకు ఏ స్వరమున వచ్చునో దానినిబట్టి అర్థము మారును. "సీ" అను ఒక్క పలుకే ఆరు స్వరములలో పద్యము, చరిత్ర, పరీక్ష, కాలము, విపణి, విషయము అను ఆరు అర్థములనిచ్చును. అట్టి చెవి ప్రతి పలుకును దాని స్వరముతోపాటు విడివిడిగా పట్టుకొనుటకు అలవడియుండును. ఆ భాషలో రెండు మూడు హల్లులు కలసి పలుకు మాటలు లేవు. మాట చివర సకారము రాదు. పకార తకార కకారములు వచ్చినను పెదవియో నాలుకయో మూసి నిలిపివేయుదురు గాని విడువరు. క్రియకు కాలమును బట్టి రూపము మారదు. "నిన్న", "రేపు" వంటి మాటలతోను, చిన్న అవ్యయములతోను కాలమును తెలుపుదురు. నామమునకు బహువచన ప్రత్యయము చేర్చు అలవాటు లేదు. ఆంగ్లమో, భూతకాలమును, బహువచనమును మాట చివరి ఒక్క తకారములోనో, దకారములోనో, సకారములోనో దాచిపెట్టును. "వాక్" అనినచో నడచుట. "వాక్ట్" అనినచో నడచెను. కాగితముపై ఆ భేదము స్పష్టముగా కనిపించును. చెవికి అది రెప్పపాటు. ఆ రెప్పపాటును వినుటకు ఆ పిల్లవాని మాతృభాష వానికి తర్ఫీదు ఇచ్చియుండలేదు. కావున "అతడు వచ్చుచున్నాడా, వచ్చెనా" అను ప్రశ్నకు పఠనములో తప్పనివాడు శ్రవణములో తప్పును.

చదువులోను ఒక మెలిక కలదు. చీనా వ్రాతలో మాటకు మాటకు నడుమ ఎడముండదు. హాంకాంగు బడులలో అక్షరముల రూపమును చూచి, పలుకును గుర్తుంచుకొని నేర్తురు. ఆ అలవాటుననే ఆంగ్లపు మాటనుగూడ ఒక బొమ్మవలె మనసున ముద్రించుకొను పిల్లలుందురు. బొమ్మ తెలియును, అర్థము తెలియును. శబ్దము మాత్రము మనసున లేదు. అట్టి మాట చెవిన బడినప్పుడు వాడు గుర్తింపజాలడు. ఎదురుగా వచ్చిన చుట్టమును ఛాయాచిత్రములో తప్ప చూచియెరుగనివాని గతి వానిది.

మన పిల్లల చిక్కు వేరు. మన లిపి పలికినట్లు వ్రాయబడును, వ్రాసినట్లు పలుకబడును. ఆ నమ్మకముతోనే మనవారు ఆంగ్లమునుగూడ చదువుదురు. బుధవారమునకు ఆంగ్లపు మాటను అక్షరములను బట్టి "వెడ్‌నెస్‌డే" యని మనసులో చదువుకొన్న పిల్లవాడు, ఎవరైనను "వెన్స్‌డే" యనగా అది మరేదో వారమనుకొనును. రెండవది, మన తెలుగు మాటలు అచ్చుతో ముగియును. బస్సు, కారు, స్కూలు అని పరభాషా పదములకు సైతము మనము ఉకారము తగిలించుకొంటిమి. మాట ఎచ్చట ముగిసినదో ఆ అచ్చు మన చెవికి తెలుపును. ఆంగ్లములో ఆ గురుతు లేదు. మూడవది, మనకు ప్రతి యక్షరమునకు దాని మాత్ర దానికి దక్కును. లఘువైన లఘువుగా, గురువైన గురువుగా స్పష్టముగా పలుకుదుము. ఆంగ్లములో ఊనిక పడిన అక్షరము తన చుట్టుప్రక్కల అక్షరములను మ్రింగివేయును. "కంఫర్టబుల్" అని వ్రాసిన మాట నోట "కంఫ్టబుల్" అగును. పదునైదును, ఏబదిని తెలుపు "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" అను మాటలకు భేదము ముఖ్యముగా ఊనికలోనే యున్నది. మా శ్రవణ పరీక్షలో 15 అని వ్రాయవలసినచోట 50 అని వ్రాసినవారే తరగతిలో అధికులు.

ఐనను మన పిల్లలకు ఒక మేలు గలదు. క్రియ చివర మారినచో కాలము మారునని, "లు" చేరినచో సంఖ్య మారునని తెలుగు వానికి పుట్టుకతోనే నేర్పినది. అంతకంటె ముఖ్యముగా, మాటలు కలసిపోవుననునది మనకు వింత కాదు. "ఏమి" "అంటివి" కలసి "ఏమంటివి" యగునని ఆరవ తరగతి పిల్లవాడు సంధి విడదీసి చెప్పగలడు. ఆంగ్లములో "నాట్ ఎట్ ఆల్" అను మూడు మాటలు నోట "నాటెటాల్" అగును. ఇది సంధి కాక మరేమి? మా ఆంగ్లోపాధ్యాయుడు ఈ విధముగా నల్లబల్లపై వ్రాసి, తెలుగు వ్యాకరణములో వలెనే ఆంగ్ల వాక్యములను విడదీయించుట మొదలిడిన పిదప, పిల్లల ముఖములలో ఒక వెలుగు కనబడినది. తెలుగు పాఠము ఆంగ్లమునకు అడ్డు వచ్చుననువారు ఒకనాడు ఆ తరగతికి వచ్చి కూర్చుండగోరెదము.

ఇప్పుడు ఆ బాలిక విషయమునకు వత్తుము. మేము చేసిన పొరపాటును ఇచ్చట దాచుట తగదు.

శ్రవణ పరీక్ష అని పేరు పెట్టినంతమాత్రమున అది వినికిడినే కొలుచునను నమ్మకము లేదు. ప్రశ్నలు ఆంగ్లములో అచ్చువేసితిమి, కావున ముందు చదువవలెను. జవాబులు ఆంగ్ల వాక్యములలో వ్రాయుడంటిమి, కావున వ్రాయుటయు రావలెను. వినుట ఈ రెంటి నడుమ చిక్కుకొన్నది. హాంకాంగువారు తమ పరీక్ష రెండవ భాగమునకు మిశ్రమ పనులని ఒప్పుదలగా పేరు పెట్టుకొనిరి. మేము అదియు చేయలేదు. ఎలానా షోహామీ యను ఇజ్రాయేలు పండితురాలు 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే ఆంగ్ల పాఠముపై ప్రశ్నలను విద్యార్థుల మాతృభాషయగు హీబ్రూలో అడిగినప్పుడు వారికి పరీక్ష సులభమైనదని చూపినది. అది చదివిన పిదప ఒక శనివారము ఆ బాలికను పిలిచి, వేరొక పాఠమును అదే ఉపాధ్యాయునిచే, అదే వేగముతో రెండుమారులు చదివించి, "ఏమి విన్నావో తెలుగులో చెప్పమ్మా" అంటిమి. కృష్ణగిరి బస్సు తప్పిపోయిన ఒక ముసలవ్వ కథ అది. బాలిక మొదటినుండి తుదివరకు చెప్పినది. మేము అడుగదలచుకొనని సంగతులుకూడ, అవ్వ సంచిలో ఏమున్నదో సైతము, చెప్పినది. ఆ పిల్ల చెవికి లోపము లేదు. లోపము మా ప్రశ్నపత్రమునది. కాని అప్పటికే మేము ఆమెను ఆంగ్లమున వెనుకబడినవారి వరుసలో చేర్చి, మూడు నెలలు అక్షరములు దిద్దించుచుంటిమి. ఆ మూడు నెలలు ఆమెకు తిరిగి ఈయలేము.

అదే పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న ఒక బాలుడు మరియొక గుట్టు చెప్పినాడు. వాడు సగము పాఠము విననేలేదట. "వానలు లేకపోతే చెరువు ఏమవుతుంది అని అడిగారు. దానికి వినడమెందుకండీ?" అన్నాడు. వాని మాట నిజము. వినకయే, చదువకయే జవాబు చెప్పగల ప్రశ్న పరీక్ష కాదు. ఇప్పుడు ప్రతి ప్రశ్నపత్రమును పిల్లలకిచ్చుటకు ముందు, పాఠము వినని ఒక ఉపాధ్యాయునికిచ్చి, వారు చెప్పగలిగిన ప్రశ్నలను కొట్టివేయుచున్నాము.

అయితే ఇది చూచి, పిల్లలందరికి అన్నియు వినిపించుచున్నవని భ్రమపడరాదు. తెలుగులో అడిగినను జవాబు చెప్పలేనివారు మా తరగతిలో చాలమంది తేలిరి. వారికి నిజముగానే చెవి అలవాటు కావలెను.

తండ్రిగారి రెండవ మాట, అనగా ఆంగ్ల మాధ్యమపు బడికి మార్చుట. దీనిపై హాంకాంగు ఒక గొప్ప అనుభవము గడించినది. 1998 సెప్టెంబరు మొదలు అచ్చటి ప్రభుత్వము పెక్కు మాధ్యమిక పాఠశాలలు చీనా భాషలోనే పాఠములు చెప్పవలెనని శాసించి, 114 పాఠశాలలకు మాత్రము ఆంగ్లములో చెప్ప ననుమతించినది. తల్లిదండ్రులకు కోపము వచ్చినది. ఆ 114 బడులు మేలురకమనియు, తక్కినవి రెండవ రకమనియు జనములో ముద్రపడినది. 2010లో ఆ కట్టుబాటును సడలించి, తరగతిని బట్టియు పాఠమును బట్టియు భాషను ఎన్నుకొన వీలు కల్పించిరి.

ఈ నడుమ మార్ష్, హౌ, కాంగ్ అను ముగ్గురు పండితులు 56 ఉన్నత పాఠశాలలలోని 12,784 మంది విద్యార్థుల చదువును యేండ్ల తరబడి పరిశీలించి 2000లో ఫలితములను ప్రకటించిరి. ఆంగ్లములో పాఠములు విన్నవారికి ఆంగ్లమున కొంత మేలు జరిగినది. అది స్వల్పము. చరిత్ర, భూగోళము, విజ్ఞానశాస్త్రములలో మాత్రము వారికి పెద్ద నష్టమే కలిగినది. గణితమున నష్టము తక్కువ. ఈ ఫలితమును మేము మాకు అనుకూలముగా వంచి చెప్పదలచుకొనలేదు. ఆంగ్ల మాధ్యమమున ఆంగ్లము కొంత పెరుగుననుట నిజమే. దానికి ఇచ్చుకొను వెల యెంతయో తెలిసికొని తూచవలసినవారు తల్లిదండ్రులు. ఆ తండ్రిగారికి మేము ఈ లెక్కనంతయు చెప్పితిమి. వారు ఇంకను నిశ్చయించుకొనలేదు. మేమును తొందరపెట్టలేదు.

పరీక్ష మార్చినంతనే చదువు మారునా? దీనికిని హాంకాంగే సాక్ష్యము. 1990ల నడుమ అచ్చటి ఆంగ్ల పరీక్షను మార్చి, వినుట చదువుట వ్రాయుట కలసిన పనులను చేర్చినప్పుడు, లియింగ్ చెంగ్ అను పరిశోధకురాలు తరగతి గదులలో కూర్చుండి గమనించినది. పాఠ్యపుస్తకములు వెంటనే మారినవట. బోధించు తీరు మాత్రము మెల్లగా, అయిష్టముగా కదలినదట. పరీక్షయే చదువుగా మారినచో జరుగు కీడునుగూడ వారు చవిచూచిరి. 2004 మొదలు ప్రాథమిక మూడవ తరగతి పిల్లలకు పెట్టిన నగరవ్యాప్త పరీక్ష, బడుల స్థితి తెలిసికొనుటకే గాని పిల్లలకు మార్కులిచ్చుటకు కాదు. ఐనను బడులు దానికై పిల్లలచే వల్లెవేయింపసాగగా, 2015లో తల్లిదండ్రులు గట్టిగా ఎదురు తిరిగిరి. 2018 నుండి మూడవ తరగతిలో నూటికి పదిమందిని మాత్రము ఎంపికచేసి పరీక్షించుచున్నారు. మేము శ్రవణ పరీక్ష పెట్టుచున్నామని వినగానే, దానికి ట్యూషను ఎచ్చట దొరకునని అడుగవచ్చిన తల్లిదండ్రులకు ఈ సంగతి ప్రత్యేకముగా విన్నవించుకొనుచున్నాము.

ట్యూషనుకంటె ఇంట చేయదగిన చిన్న పని యొకటి కలదు. దానికి తల్లిదండ్రులకు ఆంగ్లము రానక్కరలేదు. ఆకాశవాణి ఆంగ్ల వార్తలను పిల్లవానిచే అయిదు నిమిషములు విననిండు. పిదప "ఏం చెప్పారురా?" అని తెలుగులోనే అడుగుడు. వాడు రెండు మాటలు చెప్పినను చాలును. మరునాడు మూడు చెప్పును. తప్పు చెప్పినచో దిద్దవలదు. అది మా పని. పెద్దతరగతి పిల్లవాడు చిన్నవానికి ఆంగ్ల వాచకమును పైకి చదివి వినిపించుటయు మంచిది. చదువువానికి శబ్దము, వినువానికి చెవి, రెండును అలవడును.

ఈ జూను మొదలు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులకు శనివారము సాయంకాలము నాలుగు గంటలకు శ్రవణ తరగతి జరుగును. మొదటి అర్ధసంవత్సరము ప్రశ్నలును జవాబులును తెలుగులోనే యుండును. తరువాత ప్రశ్నలు ఆంగ్లములో, జవాబులు ఒక్క మాటలోనో అంకెలోనో. పూర్తి వాక్యములు వ్రాయుట లేఖన పత్రమునకే విడిచిపెట్టితిమి. మార్కులు వేరుగా చూపుదుము గాని మొత్తములో కలుపము. తల్లిదండ్రులు వచ్చి వెనుక బల్లపై కూర్చుండి వినవచ్చును. మొదటి శనివారము ఆ ముసలవ్వ కథనే చదువుదుము. చదువు ఉపాధ్యాయుని ప్రక్కన నిలిచి, పిల్లలు తెలుగులో చెప్పు జవాబులను పలకపై వ్రాయుటకు ఆ బాలిక ఒప్పుకొన్నది.